మేజర్ ఫామ్ మీద సంతకం కోసం వచ్చిన అమ్మాయి: ఒక ఫస్టియర్ కేస్ స్టడీ

నేను యూనివర్సిటీలో స్టూడెంట్ అడ్వైజర్‌ని. కోర్సులు మార్చుకోవాలన్నా, మార్కులు పడిపోయినా, మేజర్, అంటే డిగ్రీలో ముఖ్యంగా చదివే సబ్జెక్ట్, తేలకపోయినా, రూమ్‌లో ఒక్కదాన్నే ఉంటున్నాను మేడమ్ అని చెప్పుకోవాలన్నా పిల్లలు ముందు మా దగ్గరికే వస్తారు. ఈ కేసు రాస్తానంటే ఆ అమ్మాయి ఒప్పుకుంది, అయినా గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను, కొన్ని తీసేశాను, పేరు అసలు పెట్టట్లేదు. ఇదేం వింత కేసు కాదు, నిజానికి చాలా మామూలు కేసు, అందుకే రాస్తున్నాను. ఫస్టియర్‌లో మేజర్ సంగతీ ఫ్రెండ్స్ సంగతీ చిక్కుపడిపోయి ఒకే ప్రశ్నలాగా వస్తాయి, ఆ చిక్కు తియ్యకుండా మనం ఎంత మంచి సలహా ఇచ్చినా అది అడగని ప్రశ్నకి చెప్పిన జవాబే అవుతుంది.

వచ్చినప్పటి పరిస్థితి

సెమిస్టర్ సగం దాటాక వచ్చింది. కూర్చోకముందే బ్యాగ్‌లోంచి మేజర్ డిక్లరేషన్ ఫామ్ తీసి టేబుల్ మీద పెట్టింది, కంప్యూటర్ సైన్స్ అని అప్పటికే నింపేసి ఉంది, అడ్వైజర్ సంతకం దగ్గర మాత్రమే ఖాళీ.

"మేడమ్, కంప్యూటర్ సైన్సే బెటర్ కదా, మీరు ఓకే అంటే ఇవాళే ఇచ్చేస్తాను."

"రెండో సంవత్సరం చివరిదాకా టైమ్ ఉంది కదమ్మా, ఇప్పుడే ఎందుకు?"

"మిగతావాళ్లంతా ఇచ్చేశారు మేడమ్."

మిగతావాళ్లంటే ముగ్గురు. హాస్టల్‌లో ఒకే ఫ్లోర్, ఓరియెంటేషన్ వారంలో పరిచయం, అప్పట్నుంచి ఈ నలుగురూ లైబ్రరీకైనా క్లాసుకైనా కలిసే వెళ్లడం, రాత్రిళ్లు కామన్ రూమ్‌లో కూర్చుని ప్రోగ్రామింగ్ అసైన్‌మెంట్ చెయ్యడం. తను మేజర్ డిక్లేర్ చెయ్యకుండా చేరింది, మొదటి సెమిస్టర్‌లో ప్రోగ్రామింగ్, ఎకనామిక్స్, ల్యాబ్‌తో జియాలజీ, అందరికీ ఉండే రైటింగ్ కోర్సు తీసుకుంది. ఒక్కోదాని గురించి అడిగితే టకటకా చెప్పేసింది: ప్రోగ్రామింగ్ బావుంది, ఎకనామిక్స్ నాకు పడదు, జియాలజీ చాలా ఇష్టం గానీ దాంతో ఏం చేస్తాను. ఇంట్లో ఏమంటున్నారమ్మా అంటే "నీ ఇష్టం అంటున్నారు మేడమ్, కానీ కంప్యూటర్ సైన్స్ అయితే బావుంటుంది అంటున్నారు" అంది, ఇది మాకు రోజూ వినపడే మాటే.

తను మాట్లాడుతుండగానే రికార్డు తెరిచి చూశాను. ప్రోగ్రామింగ్ మిడ్‌టర్మ్ బి. పడదు అన్న ఎకనామిక్స్‌లో బి ప్లస్. ఎకనామిక్స్ సెక్షన్ పొద్దున్న 8 గంటలకి, పెద్ద హాలు, ఆ ముగ్గురిలో ఒక్కరు కూడా అందులో లేరు. ఆ గడి దగ్గర పెన్సిల్‌తో చిన్న గీత పెట్టుకున్నాను, తర్వాత కేసంతా అక్కణ్ణుంచే నడిచింది.

ముందు తేల్చుకోవాల్సినవి

మేజర్ తేలట్లేదు అని వచ్చిన పిల్లల్లో కొందరికి అసలు సమస్య నిద్ర లేకపోవడం, దిగులు, డిప్రెషన్ కావచ్చు, అలాంటప్పుడు కోర్సుల కేటలాగ్ తెరిచి కూర్చోవడం టైమ్ వేస్టే కాదు, ప్రమాదం కూడా. అందుకని మొదటి మీటింగ్‌లోనే పీహెచ్‌క్యూ-9 అనే డిప్రెషన్ ప్రశ్నపత్రం నింపించాను, తొమ్మిది ప్రశ్నలు, స్కోరు 0 నుంచి 27 దాకా ఉంటుంది, 10 లేదా అంతకంటే ఎక్కువ వస్తే మామూలుగా మా కౌన్సెలింగ్ సెంటర్‌కి పంపిస్తాం, ప్రాణం మీద విరక్తి గురించి అడిగే తొమ్మిదో ప్రశ్నకి సున్నా తప్ప ఏం వచ్చినా స్కోరుతో పని లేకుండా అప్పుడే మాట్లాడతాం. తనకి చాలా తక్కువ వచ్చింది. నిద్ర మాత్రం అడ్డదిడ్డంగా ఉంది, రాత్రి రెండింటిదాకా కామన్ రూమ్, పొద్దున్న ఎనిమిదికి క్లాసు.

తనే ఆన్‌లైన్‌లో ఒక ఇంటరెస్ట్ టెస్ట్ రాసి ప్రింట్ తెచ్చుకుంది. ఈ టెస్టులు ఎక్కువశాతం జాన్ హాలండ్ 1959లో మొదలుపెట్టిన పద్ధతి మీదే నడుస్తాయి, మనుషుల ఆసక్తుల్ని ఆరు రకాలుగా విడదీసి ఎక్కువ వచ్చిన మూడిటిని ఒక కోడ్‌గా ఇస్తాయి. తన రిజల్ట్‌లో ఆరూ దాదాపు ఒకే ఎత్తులో ఉన్నాయి. అలా చదునుగా వచ్చినప్పుడు మొదటి మూడు ఏవి అన్నదానికి పెద్దగా అర్థం ఉండదు, ఒక్క ప్రశ్నకి వేరేగా టిక్ పెడితే వరస మారిపోతుంది. కానీ కింద పెద్దక్షరాలతో మీకు తగిన ఉద్యోగాలు అని ఇరవై పేర్లు ఇచ్చేశారు, పాపం పిల్లలు అది చూసి కంగారుపడకేం చేస్తారు. నేను ఆ కాగితాన్ని పక్కన పెట్టించాను.

ఎక్కువ పనికొచ్చింది ఇంకో ప్రశ్నపత్రం, ఇటమార్ గాటి వాళ్లు 1996లో తయారుచేసింది, కెరీర్ నిర్ణయంలో ఇబ్బంది ఎక్కడుందో చూస్తుంది. ఇబ్బందుల్ని మూడు గుంపులుగా చూస్తుంది: అసలు నిర్ణయానికి సిద్ధంగా లేకపోవడం, సమాచారం లేకపోవడం, ఉన్న సమాచారంలోనే పొంతన లేకపోవడం. ఈ మూడోదాంట్లో మళ్లీ మనసులో పేచీ వేరు, మనకి ముఖ్యమైన మనుషులతో పేచీ వేరు. తనకి ఆ ఆఖరిదే అన్నిటికంటే ఎక్కువ వచ్చింది. సమాచారం లేకపోవడం కూడా ఎక్కువే, కానీ ఫస్టియర్‌లో అది అందరికీ ఎక్కువే.

నాకు అనిపించింది

ఒక సంగతి గట్టిగా చెప్పాలి, ఈ అమ్మాయి తేల్చుకోలేని మనిషి కాదు. ఏ చిన్న విషయమూ తేల్చుకోలేకపోవడం ఒక రకం, పద్దెనిమిదేళ్ల వయసులో మేజర్ ఇంకా తేలకపోవడం ఇంకో రకం, రెండోది ఎదగడంలో భాగం. అమెరికా విద్యాశాఖ 2017 చివర్లో ఇచ్చిన లెక్కలు చూస్తే బ్యాచిలర్స్‌లో చేరి మేజర్ డిక్లేర్ చేసినవాళ్లలో మూడింట ఒక వంతు మంది మూడేళ్లలోపే మార్చుకున్నారు, మ్యాథ్స్‌తో మొదలైనవాళ్లలో అయితే 52 శాతం. ముందే తేల్చేసుకున్నాం అనుకున్నవాళ్ల సంగతే ఇలా ఉంది. ఈ అంకె ఆ అమ్మాయికి చూపిస్తే కొంచెం ఊపిరి పీల్చుకుంది.

నా అంచనా ఏంటంటే, తను మూడు సబ్జెక్టుల గురించి చెప్పిన మూడు మాటల్లో సబ్జెక్ట్ అసలు ఎక్కడా లేదు. ప్రోగ్రామింగ్ బావుంది అంటే రాత్రిళ్లు కామన్ రూమ్ బావుంది. ఎకనామిక్స్ పడదు అంటే నాలుగు గంటల నిద్రతో రెండొందల మంది హాల్లో ఒంటరిగా కూర్చోవడం పడదు. జియాలజీ ఏమో నాకప్పుడు తెలీదు.

ఇది ఊహ మాత్రమే కాదు. అమెరికాలోని వెస్ట్ పాయింట్ మిలిటరీ అకాడమీలో స్టూడెంట్లకి సెక్షన్లు వాళ్ల ఇష్టంతో సంబంధం లేకుండా లాటరీలాగా పడతాయి, ఆ రికార్డులు పట్టుకుని కరీమ్ హగ్గాగ్ వాళ్లు 2021లో వేసిన పేపర్ ఉంది. ఒక సబ్జెక్ట్ పొద్దున్న 7:30 సెక్షన్‌లో పడ్డవాళ్లు తర్వాత ఆ సబ్జెక్ట్‌ని మేజర్‌గా తీసుకునే అవకాశం దాదాపు 10 శాతం తగ్గింది. అదే సిలబస్, క్లాసు టైమే తేడా. అలసటని సబ్జెక్ట్ మీద రాసేసుకుంటాం, అదీ మనకి తెలీకుండానే. ఈ పేపర్ గురించి నేను దాదాపు ప్రతి ఫస్టియర్‌కీ చెప్తాను, చెప్పగానే వాళ్ల మొహంలో ఒక అనుమానం కనపడుతుంది, ఆ అనుమానం చాలు నాకు.

ఫ్రెండ్స్ వైపు కూడా ఇలాంటిదే ఉంది. 1950లో ఫెస్టింగర్, షాక్టర్, బ్యాక్ అనే ముగ్గురు ఎంఐటీ స్టూడెంట్ల క్వార్టర్స్ మీద చేసిన స్టడీలో ఎవరు ఎవరికి ఫ్రెండ్ అయ్యారన్నది ఎక్కువగా తలుపులు ఎంత దగ్గర్లో ఉన్నాయన్నదాన్ని బట్టే తేలింది, పక్కింటి వాళ్లతో ఎక్కువ, నాలుగిళ్లు అవతలైతే బాగా తక్కువ. ఈ నలుగురూ కలిసింది కూడా అలాగే, ఒకే ఫ్లోర్ కాబట్టి. అందులో తప్పేం లేదు, చాలామంది స్నేహాలు అలాగే పుడతాయి, కానీ హాస్టల్ ఆఫీసు గదులు కేటాయించిన పద్ధతి వల్ల ఒక మనిషి మేజర్ తేలిపోతుంటే కొంచెం ఆగి చూడాలి కదా.

తను అలా అంటే ఒప్పుకోలేదు. "నేనేం వాళ్ల కోసం తీసుకోవట్లేదు మేడమ్" అంది, గొంతు కొంచెం పెరిగింది కూడా. నేను వాదించలేదు. వాదిస్తే ఫామ్ తీసుకుని వెళ్లిపోతుంది, ఇంకో అడ్వైజర్ సంతకం పెట్టేస్తారు, పెట్టకపోవడానికి వాళ్లకి కారణమూ ఉండదు. ఫామ్ నీ దగ్గరే పెట్టుకో, డేట్ వెయ్యకు, కొన్ని వారాలు ఒక పని చెయ్యి, తర్వాత కూడా ఇదే అంటే నేనే సంతకం పెడతాను అన్నాను.

రెండు గళ్ల నోట్‌బుక్

పని చాలా చిన్నది. ప్రతి క్లాసు అయ్యాక నోట్‌బుక్‌లో రెండు గళ్లు. ఎడమవైపు ఆ గంటలో సబ్జెక్ట్ గురించి బుర్రలో మిగిలింది, కుడివైపు చుట్టూ ఉన్నది: పక్కన ఎవరు కూర్చున్నారు, నిద్ర ఎంత, లెక్చరర్ ఎలా ఉన్నారు, గది ఎలా ఉంది. ఎడమ గడిలో నచ్చింది, నచ్చలేదు అని రాయకూడదు, ఏం మిగిలిందో అదే రాయాలి, ఏం మిగలకపోతే గీత కొట్టి వదిలెయ్యాలి. ఈ నచ్చింది నచ్చలేదు అనే మాటలు ఆపకపోతే పుస్తకమంతా అవే నిండుతాయి.

మళ్లీ వచ్చినప్పుడు ఇద్దరం పక్కపక్కన కూర్చుని చదివాం. ప్రోగ్రామింగ్ పేజీల్లో కుడి గడి నిండా ఉంది, ఎవరు ఏ జోక్ వేశారు, ఎవరి లూప్ ఆగకుండా తిరిగింది, అందరూ ఎంత నవ్వుకున్నారు. ఎడమ గడిలో "లిస్ట్ గురించి", "ఫంక్షన్స్ ఇంకా", చాలా చోట్ల ఉత్త గీత.

ఎకనామిక్స్ తలకిందులు. కుడి గడిలో "నిద్ర", "చలి", "ఎవరూ లేరు", అంతే. ఎడమ గడిలో ఒకచోట ఇలా ఉంది, తన మాటల్లోనే రాస్తున్నాను: "ధర ఇంతకంటే పెంచకూడదు అని రూల్ పెడితే సరుకు తక్కువై క్యూ వస్తుంది అన్నారు. మరి క్యూలో నిలబడే టైమ్ కూడా ధరే కదా? అది గ్రాఫ్‌లో ఎక్కడుంది? డబ్బున్నవాళ్లకి టైమ్ ఖరీదెక్కువ, లేనివాళ్లకి తక్కువ, అంటే రూల్ వల్ల సరుకు ఎవరికి చేరుతుందో మారిపోతుందా?" పడదు అన్న సబ్జెక్ట్‌లో, నాలుగు గంటల నిద్రతో, ఎవరూ అడగకుండా రాసుకున్నది ఇది. నేను ఎకనామిక్స్ మనిషిని కాదు, కానీ ఇది మంచి ప్రశ్న అని తెలుసుకోడానికి అంత అక్కర్లేదు. ఇది ఎవరినైనా అడిగావా అంటే లేదు మేడమ్, అంత మందిలో ఎలా అడుగుతాం అంది.

జియాలజీ దగ్గర నేను ఇంకోటి ఊహించాను. ఇష్టం అని చెప్పింది కాబట్టి ఎడమ గడి నిండి ఉంటుందనుకున్నా. ల్యాబ్‌లో కాల్సైట్ మీద పల్చటి హైడ్రోక్లోరిక్ యాసిడ్ చుక్క వేస్తే బుసబుసా పొంగడం, గాజు పలక మీద క్వార్ట్జ్‌తో గీస్తే గీత పడి కాల్సైట్‌తో గీస్తే పడకపోవడం, ఎందుకంటే గట్టిదనం కొలిచే మోస్ స్కేల్ మీద క్వార్ట్జ్ 7, గాజు ఐదున్నర చుట్టుపక్కల, కాల్సైట్ 3, ఇవన్నీ రాసింది, బాగా రాసింది. కానీ చేతితో చేసిన పని తప్ప ఆ రాయి అక్కడికెలా వచ్చింది, ఎందుకలా ఉంది అనే ప్రశ్న ఒక్కటీ లేదు. కుడి గడిలో ల్యాబ్ పార్ట్‌నర్ గురించీ, పేరు పెట్టి పిలిచి ఓపిగ్గా చూపించే ల్యాబ్ ఇన్‌స్ట్రక్టర్ గురించీ చాలా ఉంది. ఇరవై మంది ఉన్న గది, తనని పేరుతో పిలిచే ఒక్క క్లాసు. ఇష్టం నిజమే, అది ఎక్కువగా ఆ గది మీద ఇష్టం.

నేనేం చెప్పలేదు, పేజీలు తిప్పుతూ తనే చూసుకుంది. కాసేపు ఊరుకుని "అంటే నాకు ఎకనామిక్స్ ఇష్టమా మేడమ్?" అంది, ఏదో అన్యాయం జరిగినట్టు.

తెలీదు అన్నాను. నిజంగానే తెలీదు. ఇంట్రడక్టరీ కోర్సు చూసి మేజర్ తీసుకోవడం నాకు నచ్చదు, ఎందుకంటే ఆ కోర్సులు అందరికీ అందేలా తయారుచేసినవి, అసలు సబ్జెక్ట్ మూడో సంవత్సరంలో ఉంటుంది. అందుకని మూడు డిపార్ట్‌మెంట్లలోనూ మూడో సంవత్సరం కోర్సు ఒక్కోటి తీసుకుని సిలబస్, పాత పరీక్ష పేపర్ చదవమన్నాను, వీలైతే పర్మిషన్ అడిగి ఒక క్లాసులో వెనక కూర్చోమన్నాను. ఇది ఎవరైనా చెయ్యొచ్చు, ఒక ఈమెయిల్ రాస్తే చాలావరకు లెక్చరర్లు సరే అంటారు, అడిగేవాళ్లే ఉండరు.

జియాలజీలో మినరాలజీ, అంటే ఖనిజాల కోర్సు, సిలబస్ చూసి "ఇదంతా కెమిస్ట్రీ కదా మేడమ్" అంది. అవును, ఆ మేజర్‌కి కెమిస్ట్రీ ముందు పూర్తి చెయ్యాలి, ఫీల్డ్ క్యాంప్ ఉంటుంది, ఇవేవీ తను కేటలాగ్‌లో చూడలేదు. ఆపరేటింగ్ సిస్టమ్స్ క్లాసులో కూర్చుని వచ్చి, సగం అర్థమైంది, మిగతా సగం అర్థం చేసుకోవాలని అనిపించలేదు అంది. ఎకనోమెట్రిక్స్, అంటే డేటాతో ఎకనామిక్స్ ప్రశ్నలు తేల్చే కోర్సు, ఆ క్లాసులో బోర్డు మీద ఆల్జీబ్రా ఒక్క ముక్క ఎక్కలేదట, కానీ దేని గురించి కొట్టుకుంటున్నారో అర్థమైందట: చదువు వల్ల జీతం పెరుగుతుందా, లేక ఎలాగూ ఎక్కువ సంపాదించేవాళ్లే ఎక్కువ చదువుతున్నారా అని. ఆ రోజు ఫ్రెండ్స్ గురించి ఒక్క మాట కూడా రాలేదు, తను కూడా అది గమనించలేదు.

ఫ్రెండ్స్ సంగతి

ఇక్కడే కేసు ఎక్కువకాలం ఆగిపోయింది. ఎకనామిక్స్ వైపు మొగ్గు వచ్చేసింది, అయినా ఫామ్ మీద కంప్యూటర్ సైన్స్ అలాగే ఉంది. ఏంటమ్మా అంటే చివరికి బయటపడింది: "నేను వేరే దాంట్లోకి వెళ్తే వాళ్లతో ఉండేదేంటి మేడమ్, రోజూ మాట్లాడుకునేది అసైన్‌మెంట్ల గురించే కదా. నాకు ఇక్కడ ఇంకెవరూ లేరు. మిగతా అందరికీ బోలెడంత మంది ఉన్నారు."

ఆఖరి మాట ముందు పట్టుకున్నాను. విలన్స్ వాళ్లు 2017లో కెనడాలో ఫస్టియర్ స్టూడెంట్లని అడిగితే 48 శాతం మంది నాకంటే మిగతావాళ్లకే ఎక్కువమంది దగ్గరి స్నేహితులయ్యారు అన్నారు, నాకే ఎక్కువ అన్నవాళ్లు 31 శాతం. అందరూ ఒకళ్లనొకళ్లు చూసి అదే అనుకుంటున్నారన్నమాట. ఎందుకంటే ఎదుటివాళ్లని మనం చూసేది నలుగురిలో ఉన్నప్పుడే, గదిలో ఒక్కళ్లే కూర్చుని ఫోన్ గీకుతున్నప్పుడు ఎవరూ ఎవరికీ కనపడరు.

ఇంకో అంకె కూడా చెప్పాను. కాన్సాస్ యూనివర్సిటీలో జెఫ్రీ హాల్ 2018లో లెక్కేసినదాని ప్రకారం పరిచయం మామూలు స్నేహం అవ్వడానికి దాదాపు 50 గంటలు, ఫ్రెండ్ అనుకోడానికి 90 గంటలు, దగ్గరి ఫ్రెండ్ అవ్వడానికి 200 గంటల పైనే కలిసి గడపాలి. అందులో నాకు ముఖ్యం అనిపించేది ఇంకోటి, కలిసి పని చేసిన గంటలు అంతగా లెక్కలోకి రావు, ఊరికే కలిసి తిరిగిన గంటలే వస్తాయి. తను వెంటనే లెక్క మొదలుపెట్టింది, లెక్కల్లో చురుకే. ఆ నలుగురి మధ్య గంటలు వందలు దాటిపోయాయి, కానీ ఎక్కువభాగం అసైన్‌మెంట్లే. అసైన్‌మెంట్లు తీసేస్తే ముగ్గురిలో ఒకమ్మాయితోనే నిజంగా కబుర్లు ఉన్నాయి. ఇది విని బాధపడింది, బాధ కలిగించే లెక్కే అది.

అమెరికాలో డార్ట్‌మత్ కాలేజీలో ఫస్టియర్ రూమ్‌మేట్లని లాటరీలాగా కేటాయించేవాళ్లు, బ్రూస్ సాసర్‌డోట్ ఆ డేటా తీసుకుని 2001లో చూస్తే రూమ్‌మేట్ ప్రభావం మార్కుల మీద ఉంది, ఏ సోషల్ క్లబ్‌లో చేరతారన్నదాని మీద ఉంది, కానీ మేజర్ మీద లేదు. నేను ఇది చెప్తే "అంటే నేను మాత్రమే ఇలా చేస్తున్నానా" అని కంగారుపడింది. కాదమ్మా, ఒకే గదిలో ఉన్నవాళ్లు కూడా చివరికి ఎవరి మేజర్ వాళ్లే తీసుకుంటున్నారు అని దానర్థం అన్నాను. అలా తిప్పి చెప్పాక కుదురుకుంది.

ఆ గ్రూప్‌కి తనే చెప్పాలి, నేను చెప్పించేది కాదు. ఎలా చెప్పాలో మాత్రం రిహార్సల్ చేశాం, ముఖ్యంగా సారీ అని మొదలుపెట్టకూడదు అని. మేజర్ మారుస్తున్నాను అనే వార్తతో పాటు ఆదివారం సాయంత్రం పుస్తకాలు లేకుండా కలుద్దాం అనే మాట కూడా అదే ఊపులో చెప్పమన్నాను, విడిపోవడం గురించి మాత్రమే చెప్పి వదిలేస్తే అవతలివాళ్లు కూడా అదే పట్టుకుంటారు. చెప్పింది. ఒకమ్మాయి "మరి గ్రూప్ ప్రాజెక్ట్‌కి నాలుగో మనిషి ఎవరు" అందట, ఇంకొకమ్మాయి ఏమీ అనలేదట, మూడో అమ్మాయి మాత్రం నవ్వి "నువ్వు ఎప్పుడు చెప్తావా అని చూస్తున్నా" అందట.

మధ్యలో ఎవరో సీనియర్ ఇచ్చిన సలహాతో డిబేట్ క్లబ్‌కి కూడా వెళ్లింది, ఒక సాయంత్రం గోడకి ఆనుకుని నిలబడి వచ్చేసింది. ఇలాంటి నెమ్మదైన పిల్లల్ని పెద్ద పెద్ద ఈవెంట్లకి తోలడం మీద నాకు పెద్దగా నమ్మకం లేదు. నాలుగు వందల మందిని ఒకసారి చూసేకంటే నలుగురిని పదే పదే చూడటం మేలు, క్వార్టర్స్ స్టడీ చెప్పేదీ అదే. అందుకని కొత్త సెమిస్టర్‌లో ఎకనామిక్స్ మధ్యాహ్నం సెక్షన్‌కి మార్చి, ప్రతిసారీ అదే వరసలో అదే సీట్లో కూర్చో అన్నాను. చాలామంది అలవాటు కొద్దీ అదే చోట కూర్చుంటారు, పక్కసీటు మనిషి పెద్దగా మారరు. వింతగా ఉంది మేడమ్ అంది, చేసింది.

ఇంకో భయం తనకి, మొదటిసారి మాట్లాడితే తనని బోర్ అనుకుంటారని. బూత్‌బీ వాళ్లు 2018లో చూపించింది సరిగ్గా ఈ భయాన్నే, కొత్తగా మాట్లాడుకున్న ఇద్దరూ అవతలివాళ్లకి నేను నిజంగా నచ్చినదానికంటే తక్కువే నచ్చాను అనుకుంటారు, హాస్టల్‌లో కలిసి ఉంటున్న ఫస్టియర్ పిల్లల్లో ఆ తేడా నెలల తరబడి ఉండిపోయింది. చెప్పాను, తల ఊపింది, నమ్మిందని చెప్పలేను.

కోర్సుల లెక్క

రెండో సెమిస్టర్ ప్లాన్ వెయ్యడం నిజానికి ఒక గంట పని, కానీ అక్కడ జాగ్రత్త లేకపోతే ఏడాది పోతుంది. సూత్రం ఒక్కటే, రెండు దారుల్లోనూ లెక్కకొచ్చే కోర్సులు ముందు తీసుకోవాలి. ఎకనామిక్స్ మేజర్ అంటే చాలా చోట్ల మైక్రో (మనుషులు, కంపెనీల నిర్ణయాలు), మాక్రో (దేశం మొత్తం ఆర్థిక వ్యవస్థ) రెండేసి మెట్లు, స్టాటిస్టిక్స్, దాని మీద ఎకనోమెట్రిక్స్. రెండో మెట్టు మైక్రోకి కాలిక్యులస్ కావాలి, ఎందుకంటే ఉన్న డబ్బులో ఎక్కువ లాభం ఎలా అనే లెక్కలే అక్కడంతా. కంప్యూటర్ సైన్స్‌కి డేటా స్ట్రక్చర్స్, డిస్క్రీట్ మ్యాథ్స్, అల్గారిథమ్స్, వాటితోపాటు చాలా చోట్ల కాలిక్యులస్, లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ. అంటే కాలిక్యులస్, స్టాటిస్టిక్స్ రెండిటికీ ఉపయోగం. అవి రెండూ, మధ్యాహ్నం సెక్షన్‌లో ఎకనామిక్స్ రెండో భాగం, నాలుగోది ప్రోగ్రామింగ్ రెండో కోర్సు. ఆ నాలుగోదాని వల్ల కంప్యూటర్ సైన్స్ తలుపు ఇంకో సెమిస్టర్ తెరిచే ఉంటుంది, ఫ్రెండ్స్‌తో ఒక క్లాసు ఉంటుంది, రెండూ నిజాయితీగా తనతో అన్నాను. జియాలజీ కావాలంటే తర్వాత ఫ్రీ ఎలెక్టివ్‌గా.

పిల్లలు పట్టించుకోనిది ఇంకోటి, ఏ కోర్సు ఏ సెమిస్టర్‌లో నడుస్తుందన్నది. కొన్ని కోర్సులు ఏడాదికి ఒక్కసారే ఉంటాయి, ఒకసారి మిస్సైతే దాని మీద కట్టిన మూడు కోర్సులూ ఏడాది వెనక్కి పోతాయి. కేటలాగ్‌లో అది చివర్లో చిన్నక్షరాల్లో ఉంటుంది. తన ప్లాన్ షీట్ మీద అలాంటివాటి చుట్టూ ఎర్ర పెన్నుతో గుండ్రాలు పెట్టించాను.

ఆ తర్వాత

డేట్ లేని పాత ఫామ్ చాలాకాలం తన ఫైల్లోనే ఉంది. రెండో సెమిస్టర్ చివర్లో కొత్త ఫామ్ తెచ్చింది, ఎకనామిక్స్ అని, సంతకం పెట్టాను. ఆ సెమిస్టర్‌లో కాలిక్యులస్ కష్టపడింది, సి ప్లస్ వచ్చింది, ఇది దాచి చెప్తే కేసు బాగా కనపడుతుంది గానీ రెండో మెట్టు మైక్రోలో ఇబ్బంది పడుతుందేమో అని నాకింకా ఉంది, అందుకే సెలవుల్లో ట్యుటోరియల్‌కి పేరు ఇప్పించాను. ఎకనామిక్స్‌లో మధ్యాహ్నం సెక్షన్‌కి మారాక నిద్ర మెరుగైంది, క్యూ ప్రశ్న లెక్చరర్‌ని ఆఫీస్ అవర్స్‌లో అడిగింది, ఆయన దాని గురించి చదవడానికి రెండు పేపర్లు ఇచ్చారు. ఒకటి చదివింది, రెండోది అర్థం కాలేదట.

ఆదివారాలు మొదట నలుగురూ కలిశారు, తర్వాత ముగ్గురు, ఇప్పుడు ఎక్కువగా ఇద్దరే, తనూ, నవ్విన ఆ అమ్మాయీ. గ్రూప్ ప్రాజెక్ట్ గురించి అడిగిన అమ్మాయితో పలకరింపులు మాత్రమే మిగిలాయి. దాని గురించి ఇప్పటికీ బాధ ఉంది, నేనూ అది తగ్గించి మాట్లాడట్లేదు. పక్కసీటు మనిషితో కలిసి హోమ్‌వర్క్ గ్రూప్ ఒకటి మొదలైంది, అందులో మళ్లీ పని గంటలే ఎక్కువ అని తనే నాకు గుర్తుచేసింది.

ప్రోగ్రామింగ్ రెండో కోర్సులో బి ప్లస్ వచ్చేసరికి ఇప్పుడు కంప్యూటర్ సైన్స్ మైనర్, అంటే మేజర్‌తో పాటు రెండో సబ్జెక్ట్‌గా, తీసుకోవాలా అని కొత్త ప్రశ్న. నోట్‌బుక్ తియ్యమన్నాను, ఈసారి ఎడమ గడిలో కొంచెం రాత ఉంది, డేటా స్ట్రక్చర్స్ దగ్గర ముఖ్యంగా. మైనర్ గడువు మూడో సంవత్సరం మొదట్లో, దానికి కావాల్సిన డిస్క్రీట్ మ్యాథ్స్ మా దగ్గర ఏడాదికి ఒక్కసారే నడుస్తుంది, కాబట్టి వచ్చే సెమిస్టర్ రిజిస్ట్రేషన్‌లో ఆ సీటు ముందు పట్టుకోమని చెప్పాను, వద్దనుకుంటే మొదటి రెండు వారాల్లో డ్రాప్ చేసుకోవచ్చు.